కళ్ళు పెట్టిన చెయ్యి

"కళ్ళు మాత్రం మీరే పెట్టండి సార్," అంది వనజాక్షి, వెండి కళ్ళున్న పొట్లాన్ని బల్ల మీద ఆయన వైపు జరుపుతూ.

సుకుమార్ తలెత్తలేదు. పాత తెప్ప చెక్కల మీద గాజులాంటి రెజిన్ జిగురు పోసి, అది గట్టిపడేలోపు బుడగలు లేవకుండా కుంచెతో సాపు చేస్తున్నాడు. చేతులకు తొడుగులున్నా మణికట్ల దగ్గర చర్మం కమిలి ఎర్రగా ఉంది.

"నా చేతులు చూడు. ఈ చేతులతో సూది పట్టుకోగలనా? నువ్వే కుట్టెయ్."

"కుట్టేదానికేం సార్. కళ్ళు పెట్టినామంటే ఇంగ అమ్మవారు అయిపోద్ది."

"అమ్మవారు కాదు వనజాక్షీ, ఆర్టు. గుళ్ళో ఉంటే అమ్మవారు. చెన్నైలో గ్యాలరీలో ఉంటే ఆర్టు." ఆయన తన మాటకు తానే నవ్వుకున్నాడు. "ఎల్లుండి వ్యాను వస్తుంది. త్వరగా కానివ్వు."

మైపాడు దగ్గర జాలర్ల పల్లె పట్టపుపాళేనికి చివర, మూతపడిన ఐసు షెడ్డు అది. సుకుమార్ దాన్ని అద్దెకు తీసుకుని, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తుక్కంతా చేరవేయించాడు. ఆ తుక్కులోంచే మనిషికి మించిన ఎత్తున గంగమ్మ లేచి నిలబడింది. వెనక తెప్ప చెక్కలు. ఒంటికి చినిగిన వలలు. తలకు వల బెండ్ల కిరీటం. కుడిచేతి పక్కన త్రిశూలంలాగా తుప్పు పట్టిన లంగరు. పాదాల దగ్గర పోసిన రెజిన్‌లో గవ్వలూ, సీసా మూతలూ, తెగిన ఒక రబ్బరు చెప్పూ నీళ్ళలో తేలుతున్నట్టే ఆగిపోయి ఉన్నాయి. ఆ చెప్పు అక్కడ వద్దని వనజాక్షి చెప్పి చూసింది. సముద్రంలో ఉన్నదే కదా పెట్టాను అన్నాడాయన.

ఆయన కాగితం మీద గీసిన బొమ్మలో ముఖం లేదు. కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ. ఆ ఖాళీలో వల బిగించమని, వల పనికి పెట్టుకున్న వనజాక్షికి చెప్పి ఆయన ఒకరోజు నెల్లూరు పోయాడు. పోగుల మధ్య సందు, వల కన్ను, చిన్నదైతే నీడ ముదురుతుంది, పెద్దదైతే వెలుతురు దూరుతుంది. వనజాక్షి బుగ్గల దగ్గర సన్న కన్ను వేసింది. ముక్కుకు రెండు పోగులు కలిపి అల్లింది. పెదాల దగ్గర ముడులు దగ్గర దగ్గరగా బిగించుకుంటూ పోయింది. సాయంత్రానికి ఒక ఆడమనిషి ముఖం, కొంచెం విసిగిపోయినట్టు, కొంచెం జాలిపడుతున్నట్టు వలలోంచి బయటికి వచ్చింది. తిరిగొచ్చిన సుకుమార్ దాన్ని ముందు నుంచీ పక్కల నుంచీ చూశాడు. తర్వాత, "ఉంచు," అన్నాడు. వెండి కళ్ళు తెచ్చింది కూడా ఆయనే.

ఇప్పుడామె చెప్పులు బయట విడిచింది. కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంది. చెంగు నడుముకు దోపి స్టూలెక్కింది. ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను. సన్న నైలాను దారం వెండిరేకు చిల్లుల్లోంచి తీసి, వల కన్నుకు చుట్టి, లోపలి నుంచి ముడి వేసింది. మామూలుగా అయితే దారాన్ని పంటితో కొరికేస్తుంది. ఈ రోజు ఎంగిలి తగలకూడదని కిందికి దిగి కత్తెర వెతికి తెచ్చుకుంది.

చివరి ముడి దారం కత్తిరించి, తల వెనక్కి వంచి చూసింది. అంతవరకూ తను అమ్మవారిని చూసింది. ఇప్పుడు అమ్మవారు తనను చూస్తోంది. స్టూలు దిగి, వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడిచి గోడకు చేరగిలబడింది.

"అద్భుతం!" అన్నాడు సుకుమార్. తొడుగులు పీకేసి ఫోను తీశాడు. "ఒక్క నిమిషం. కొంచెం పక్కకు జరుగు, ఫ్రేములో పడుతున్నావు."

ఆమె జరిగింది. ఆయన ఫోనుకేసి నవ్వుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఇన్ని నెలలుగా ఈ తీరంలో నేనొక్కణ్ణే కూర్చుని, సముద్రం వదిలేసిన వస్తువులతో ఈ తల్లి రూపాన్ని అల్లుకుంటూ వచ్చాను..."

అల్లుకుంటూ అన్న మాట దగ్గర వనజాక్షి తన వేళ్ళవైపు చూసుకుంది. వేళ్ళ సందుల్లో నైలాను కోసిన గీతలున్నాయి. చీపురు తీసుకుని కింద పడిన దారం ముక్కలు ఊడ్చింది.

*

మరుసటి రోజు పొద్దు బారెడు ఎక్కినా బోట్లు నీళ్ళల్లోకి దిగలేదు.

వేట నిషేధం అయిపోయిన కొత్తల్లో అట్లా జరగదు. రెండు నెలలు ఒడ్డున కూర్చున్న మగవాళ్ళు చీకటితోనే ఇంజన్లు మోగిస్తారు. ఆ చప్పుడు వినపడక వనజాక్షి పొయ్యి దగ్గరినుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. ఇసకలో గుంపులు గుంపులుగా జనం. అందరి తలలూ ఫోన్ల మీదికి వంగి ఉన్నాయి.

ముందు అత్త పిచ్చమ్మ వచ్చింది. గుడికి పొయ్యి వచ్చినట్టుంది, నుదుటి కుంకం చెమటకు కారింది.

"ఏందిమే ఆ షెడ్డులో మీరు చేసినపని? గంగమ్మకు కళ్ళు పెట్టినారంటనే? పూజ లేదు, పొంగలి లేదు, అడిగింది లేదు, చెప్పింది లేదు. కాళ్ళకాడ చెప్పంట! నీ చేతులు పడిపోను!"

వెనకే భర్త పెంచల్. ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. సుకుమార్ వీడియో. దాని కింద ఒకదాని మీద ఒకటి తిట్లు. ఎవరో చెప్పు చుట్టూ ఎర్ర గీత గీసి పెట్టారు.

"నెల్లూరు నించి ఎవురెవురో ఫోన్లు చేస్తా ఉండారు," అన్నాడు పెంచల్. "రేపటికల్లా మీరు తేలుస్తారా, మమ్మల్ని వచ్చి తేల్చమంటారా అంటా ఉండారంట. తేలిందాకా బోటు దించగూడదన్యాడు పెదనాయన. పాళెం మొత్తానికీ. మన కోసరం."

పెదనాయన అంటే చిన్నపోలయ్య, పాళెం పెద్ద. ఆయన దించొద్దంటే ఎవరూ తాడు విప్పరు.

వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు కింద పంచాయితీ పెట్టారు. మగవాళ్ళు ముందర, ఆడవాళ్ళు ఎండలో. సుకుమార్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. కొడవలూరు దగ్గర భూములున్న కుటుంబం ఆయనది. ఆ మర్యాద ఇంకా తీసెయ్యలేదు. ఆయన తెల్ల చొక్కా చంకల కింద తడిసి ఉంది.

చిన్నపోలయ్య గొంతు పెంచే మనిషి కాదు. "అయ్యా, నువ్వు బొమ్మ చేసుకుంటా ఉండావని మాకు తెలుసు. లంగరు కావాలంటే ఇచ్చినాం. తెప్ప చెక్కలు కావాలంటే ఇచ్చినాం. కళ్ళు లేనంతవరకూ అది బొమ్మే. కళ్ళు పెట్టినాక అమ్మ. అమ్మని నువ్వు చెన్నైకి తోలకపొయ్యి చెప్పులేసుకోని తిరిగే చోట నిలబెడితే, రేపు ఈ పిలకాయలు ఏ ధైర్యంతో అలదాటి పోవాల? చెప్పు, ఎవురు పెట్టినారు కళ్ళు?"

ఎక్కడో రేకు ఎండకు టప్పుమంది.

"పెద్దాయనా, నేను గీసిన బొమ్మకు అసలు ముఖమే లేదు." సుకుమార్ గబగబా ఫోను తీసి తను గీసిన కాగితం చూపించాడు. "కావాలంటే చూడండి. నేను ముఖం వద్దనే అనుకున్నాను. ముఖం అల్లింది ఆమె. కళ్ళు కుట్టింది ఆమె. ఒంటిమీది వల పనంతా ఆమె చేతిదే. నాది చెక్క, రెజిన్, లంగరు. అంతే. నిజం చెప్పాలంటే ఆ బొమ్మలో సగానికి పైగా వనజాక్షే చేసింది."

జనం తలలు ఆడవాళ్ళ మధ్య నిలబడ్డ వనజాక్షి వైపు తిరిగాయి.

ఆ మాటల్లో కుట్టమని తానే చెప్పిన సంగతి తప్ప అన్నీ ఉన్నాయి. ఇన్ని నెలల్లో, బొమ్మలో సగం తనదేనన్న మాట ఒక్కసారి ఆయన నోట వినాలని ఆమెకు ఎంతగా ఉండిందో! విన్నది. పాళెమంతా ఉండగా, ఇట్లా విన్నది.

"నువ్వేనామ్మా?" అన్నాడు చిన్నపోలయ్య.

ఆయన చెప్తేనే కుట్టినాను అనొచ్చు. పొద్దున్నే ఆమె నోట సంగతంతా విన్న పెంచల్ కళ్ళు అదే చెప్పమని బతిమాలుతున్నాయి. కానీ ముఖం అల్లిన సాయంత్రం గుర్తొచ్చింది. అది ఎవరూ చెప్తే చేసింది కాదు.

"నేనే పెదమామా," అంది. "ముఖం అల్లిందీ నేనే, కళ్ళు పెట్టిందీ నేనే."

ఆడవాళ్ళలో ఎవరో నోరు నొక్కుకున్న చప్పుడు. పిచ్చమ్మ ఇసకలో కూలబడింది.

పెద్దవాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. చెప్పు సంగతి సులువుగానే తేలింది. రెజిన్ కోసి తీసేస్తానని సుకుమార్ ఒప్పుకున్నాడు. కళ్ళ దగ్గరే చిక్కు పడింది. తీసెయ్యమంటే ఎవరు తీస్తారు? ఏ చెయ్యి అమ్మవారి కళ్ళ మీదికి పోతుంది? చివరికి చిన్నపోలయ్య లేచాడు.

"పెట్టిన చెయ్యే తియ్యాల. రేపు పొద్దున, అందరి ముందర. కళ్ళు తీసినాక అది మళ్ళీ బొమ్మ. ఆయన తీసకపోతాడు. మనం బోట్లు దించుకుందాం."

*

సాయంత్రం పెంచల్ అన్నం ముందు కూర్చున్నాడే గాని ముద్ద ఎత్తలేదు.

"ఆయన కుట్టమన్యాడని చెప్పేదానికేం నీకు? నోరు పడిపొయ్యిందా?"

"చెప్పినాననుకో మామా. ఆయన లేదంటాడు. నేను ఔనంటాను. ఎవురి మాట నిలబడద్ది?"

"నిలబడకపోతే పొయ్యె. ఒకమాట అనుండాల్సింది. ఇప్పుడు చూడు, పాళెమంతా నా వంక చూస్తా ఉండారు, నేనేదో వాళ్ళ వల కోసేసినట్టు."

ఆమె కంచం అంచు పట్టుకుని తిప్పింది. "నా చేతిది కాదని నేనెట్ట చెప్పేది? ఆ ముఖం చూసినావా నువ్వు?"

చేపల పులుసు మీద తెట్టు కట్టింది. "చూసినా," అన్నాడు అతను, గోడవైపు చూస్తూ. "మా పెద్దమ్మ మాదిరి ఉండాది. సముద్రంలోకి పొయ్యినోళ్ళ కోసరం ఒడ్డున కూసునుండే ఆడోళ్ళందరి మాదిరీ ఉండాది."

ఆ మాటతో ఆమెకు దుఃఖం ఆగలేదు. అట్లాంటి ముఖంలోంచి కళ్ళు పీకాలి. రేపు. తన చేత్తోనే. వసారాలో పిచ్చమ్మ చాప మీద గోడకు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోలేదని ఊపిరి చెబుతోంది.

*

తెల్లవారేసరికి ఐసు షెడ్డు ముందర ఇసకంతా జనం. పక్కనే చెన్నై వ్యాను, వెనక తలుపులు తెరిచి. బార్లా తీసిన షెడ్డు తలుపుల్లోంచి బొమ్మ కనిపిస్తోంది. రెజిన్ కోసిన చోట గుంట పడి ఉంది, చెప్పు లేదు. సుకుమార్ వ్యాను నీడలో నిలబడి ఉన్నాడు. ఆమె వైపు చూడటం లేదు.

వనజాక్షి తలస్నానం చేసి వచ్చింది. జడ చివర నీళ్ళు కారుతున్నాయి. చిన్నపోలయ్య చేసైగతో ఒకతను కొత్త బ్లేడు అందించాడు. ఆమె స్టూలెక్కింది.

ముడి లోపలి వైపు ఉంది. దాన్ని అందుకోవాలంటే వెండిరేకు అంచు పైకెత్తి, కింద బ్లేడు దూర్చాలి. ఎడమ చేతి బొటనవేలితో రేకు ఎత్తబోయింది. వేలు జారింది. మళ్ళీ ఎత్తింది. బ్లేడు పెట్టింది. దారం ఎంత బిగించిందో ఆమెకే తెలుసు. ఒక్క లాగుడుకు తెగదు, కోయాలి. అటూ ఇటూ, రంపంలాగా. ఆ కదలిక కంటికింద చేసే పని కాదు. చెమట కనుబొమల మీదినుంచి కళ్ళలోకి దిగింది.

"ఆగుమే!"

పిచ్చమ్మ. కొంగు బిగించి జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఏందిరా ఇది? ఎవురైనా ఇంటికొచ్చిన తల్లిని కళ్ళు పీకి పంపిస్తారంట్రా? నీకు చెప్పేదానికి నేనెంత పోలయ్యా, అయినా చెప్తా ఉండా. తిరునాళ్ళకు సముద్రంలోనుంచి అమ్మని ఎట్ట తెస్తామో అట్నే సాగనంపాల. పిలవాల. ఘటంలోకి రమ్మని పిలిచి, తీసకపొయ్యి నీళ్ళల్లో కలపాల. అమ్మ దిగి పొయ్యినాక ఆ కళ్ళు ఉంటే ఏంది, ఊడితే ఏంది? ఉత్త వెండి."

చిన్నపోలయ్య గడ్డం నిమురుకున్నాడు. వెనక ముసలివాళ్ళలో ఒకరు, "ఆ మాటా నిజమే," అన్నారు. ఇంకొకరు తలూపారు. ఎవరికీ ఆ బ్లేడును చూడాలని లేదు. మొదటినుంచీ లేదు.

"కానియ్ పిచ్చమ్మా," అన్నాడాయన.

ఇత్తడి బిందె వచ్చింది. సముద్రం నీళ్ళు తెచ్చారు. పసుపు, వేపమండలు. పిచ్చమ్మ బిందెను అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు మొదట బొంగురుగా, మామూలుగా, అలిగిన ఆడబిడ్డను బతిమాలుతున్నట్టే ఉంది.

"రా తల్లీ గంగా. పిలకాయలు తెలీక పిలిచినారు, నువ్వు వచ్చినావు. ఇది నీకు ఇల్లు గాదు. ఇనప రేకుల కింద నువ్వుండలేవు. రామ్మా, పోదాం. నీ ఇంటికి పోదాం."

ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. రా తల్లీ, రా తల్లీ. పిచ్చమ్మ భుజాలు ఊగటం మొదలైంది. బిందెలో నీళ్ళు గలగలమన్నాయి, ఎవరి చెయ్యి తగిలిందో, తగల్లేదో. పిచ్చమ్మ గభాలున వేపమండలతో బిందె మూతి కప్పేసింది. "వచ్చింది. ఎత్తండి."

"పెట్టిన చెయ్యే ఎత్తాల," అన్నాడు చిన్నపోలయ్య.

వనజాక్షి బిందెను తలకెత్తుకుంది. ఇసకలో మడమలు దిగబడుతున్నాయి. రాత్రంతా నిద్రలేని కాళ్ళు. బిందె ఒలికితే ఇంక ఈ పాళెంలో తన ముఖం ఎవరూ చూడరని ఆమెకు తెలుసు. మెడ బిగించి, ఎదురుగా ఉన్న నీటిగీత మీద చూపు నిలిపి నడిచింది. పాదాలకు చల్లగా నీళ్ళు తగిలాయి. మోకాళ్ళు. నడుము. పెద్ద అల ఒకటి లేచి రొమ్ముకు కొట్టింది. ఒక అడుగు వెనక్కి పోయింది, కింద ఇసక కరిగింది. వెనకనుంచి ఎవరో ఆమె మోచేతిని పట్టుకున్నారు. తిరిగి చూడకపోయినా పెంచల్ చెయ్యని తెలిసింది. అల దాటిపోగానే బిందె దించి, వేపమండలతో సహా నీళ్ళలో వంచేసింది.

ఒడ్డుకు వచ్చాక చిన్నపోలయ్య అందరికీ వినపడేట్టు చెప్పాడు. "నెల్లూరోళ్ళకు నేను ఫోను చేస్తా. అమ్మని సాగనంపినామని చెప్తా. బోట్లు దించుకోండి." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఈ ఏడాది తిరునాళ్ళకు మాత్రం నువ్వు ఘటం కాడికి రాగూడదమ్మా. అడక్కుండా పెట్టినందుకు."

ఆమె తలవంచింది. తడిచీర కొంగు పిండుకుంది. న్యాయమే అనిపించింది, నొప్పీ పెట్టింది.

ఇంజన్ల చప్పుడు ఇంకా మొదలవలేదు. పిలకాయలు తాళ్ళు విప్పుతున్నారు. వనజాక్షి తడిబట్టలతోనే షెడ్డు దగ్గరికి వచ్చింది. అమ్మవారి ముఖం వైపు చూసింది. కళ్ళు అక్కడే ఉన్నాయి. కుడి కంటికింద బ్లేడు గీత ఒకటి. అమ్మ ఉందా, పోయిందా? ఎంతసేపు చూసినా తెలియలేదు. కానీ ఆ బుగ్గల మీది నీడ, ఆ పెదాల బిగువు ఎక్కడికీ పోలేదు. అవి తను అల్లినవి.

లోపల సుకుమార్‌కు ప్రాణం లేచి వచ్చినట్టుంది. మనుషుల్ని పురమాయిస్తూ బొమ్మకు బుడగల కవరు చుట్టిస్తున్నాడు. "బతికించావు వనజాక్షీ! మీ అత్తకు కూడా చెప్పు, థాంక్సని." ఆయన చేతిలో బొమ్మ పక్కన పెట్టడానికి చేయించిన తెల్ల పలక ఉంది. 'గంగ' అని పెద్ద అక్షరాలు. కింద, 'సుకుమార్'. ఇంకేమీ లేదు.

ఆమె పోయి బొమ్మకూ వ్యానుకూ మధ్య నిలబడింది.

"సార్. నిన్న అందరి ముందర ఏం చెప్పినారు?"

"ఏం చెప్పాను?"

"సగానికి పైగా నేనే చేసినానని చెప్పినారు. ముఖం నాది, వల పని నాది అన్యారు. ఆ పలక మీద లేదే?"

సుకుమార్ గొంతు తగ్గించాడు. "అది వేరు వనజాక్షీ. అప్పటి పరిస్థితి అట్లాంటిది. ఏదో చెప్పాను."

"అయితే అబద్ధం చెప్పినారా సార్?" ఆమె తన గొంతు తగ్గించలేదు. "అబద్ధమైతే ఇప్పుడే చెప్పండి. పెదమామ ఇక్కణ్ణే ఉండాడు. బోట్లు కూడా ఇంగా దిగలా."

తాళ్ళు విప్పుతున్న చేతులు ఆగాయి. ఒకరిద్దరు ఇటు నడిచి వచ్చారు. చిన్నపోలయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. సుకుమార్ వైపు చూస్తూ ఊరకే నిలబడ్డాడు.

సుకుమార్ కళ్ళు ఆ ముఖాల మీద ఒక చుట్టు తిరిగి, పలక మీదికి దిగాయి. కమిలిన మణికట్టును రుద్దుకున్నాడు. "అబద్ధం కాదు," అన్నాడు.

"నిజమైతే రాయండి."

"నా పేరు తీసెయ్యాలా?"

"ఎందుకు తియ్యాల? లంగరు మీదే, చెక్కలు మీవే, చేద్దామనుకున్నదీ మీరే. మీ పేరు ఉండనీండి. నా పేరు పక్కన రాయండి, కింద గాదు."

ఆయన షెడ్డు గుమ్మం ముందర ఇసకలో గొంతుక్కూర్చుని పలకను మోకాలి మీద పెట్టుకున్నాడు. చొక్కా జేబులోంచి నల్ల మార్కరు తీశాడు. మూత విప్పి, రాయబోయి ఆగాడు. ఇన్ని నెలల్లో అడగనే లేదని అప్పుడే తెలిసినట్టుంది, తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"మీ ఇంటిపేరు?"

ఆమె నోరు తెరిచేలోపే వెనకనుంచి నాలుగైదు గొంతులు ఒక్కసారే పలికాయి. అందులో పిచ్చమ్మది ఉంది, చిన్నపోలయ్యది ఉంది, బోటు తాడు చేతిలో పట్టుకున్న పెంచల్‌ది ఉంది. పాళెంలో సగం ఇళ్ళది అదే పేరు.

"పామంజి!"

సుకుమార్ రాశాడు. రాసి, మళ్ళీ తలెత్తాడు.

"వనజాక్షి," అంది ఆమె.

ఆ మాటకు ఎవరూ గొంతు కలపలేదు. అది ఆమెనే చెప్పనిచ్చారు.